శీలావతికి సూది

నేను శీలావతిని. కైకలూరు దగ్గర ఓ హ్యాచరీలో తల్లిచేపను. నా ఈడువాళ్లంతా బరువు పెరగ్గానే ఐసు పెట్టెల్లో సర్దుకుని లారీలెక్కి కలకత్తా దారి పట్టారు. నన్నూ ఇంకొందరినీ మాత్రం పిల్లల కోసం ఆపుకున్నారు. అప్పటినుంచీ తవుడు, వేరుశనగ చెక్క తింటూ పెద్దరికం వెలగబెడుతున్నాను.

ఎండలు ముదిరేసరికి నా కడుపు గుడ్లతో నిండిపోతుంది. లక్షల్లో ఉంటాయి. అండాశయం పంపే ఈస్ట్రోజెన్ అందుకుని నా కాలేయం సొన సరుకు తయారుచేస్తుంది, గుడ్లు దాన్ని పీల్చుకుని ఉబ్బుతాయి. అంతా సిద్ధమే. అయినా చెరువులో ఒక్క గుడ్డు పెట్టను. మొండిదనుకునేరు! మా జాతి తొలకరి వరదకు నదిలో ఎదురీది, పల్లాల్లోకి పొంగిన కొత్తనీటిలో గుడ్లు పెట్టేది. నిలవ నీటిలో ఉన్నదానికి ఆ వరద కబురు అందేదెలా? అందకపోతే కొన్నాళ్లు చూసి, పెట్టని గుడ్లను ఒళ్లే కరిగించేసుకుంటుంది.

కబురు అందాల్సింది మెదడుకు. దాని అడుగున హైపోథాలమస్ అనే చోటు ఉంది. ఆ ప్రాంతపు నాడీకణాలు జీఎన్‌ఆర్‌హెచ్ అనే రసాయనాన్ని వదులుతాయి. చూడబోతే పది అమైనో ఆమ్లాల గొలుసు, అంతే. మీ మనుషుల్లో అది సన్నటి రక్తనాళాల గుండా పిట్యూటరీ గ్రంథికి చేరుతుంది. మాకు ఆ చుట్టుదారి లేదు, నాడుల కొసలు నేరుగా గ్రంథిలోకే దిగి ఉంటాయి. గ్రంథి ఎల్‌హెచ్ అనే హార్మోన్‌ను రక్తంలోకి వదిలితే, అది అండాశయం చేత మరో స్టెరాయిడ్ చేయిస్తుంది. దాంతో గుడ్డు నడుమ ఉన్న కేంద్రకం అంచుకు జరిగి, దాని పొర కరిగిపోతుంది. అప్పుడు గుడ్డు పండినట్టు.

ఇందులో జీఎన్‌ఆర్‌హెచ్ ములుగర్ర అయితే, పగ్గం డోపమైన్ చేతిలో ఉంది. అదీ మెదడు నుంచి వచ్చేదే, చేరేదీ ఆ గ్రంథికే, కానీ ఎల్‌హెచ్‌ను కదలనివ్వదు. కెనడాలో రిచర్డ్ పీటర్ బృందం గోల్డ్‌ఫిష్ మెదడులో ఆ ఆపే నాడులున్న భాగాన్ని దెబ్బతీసి చూసింది. ఎల్‌హెచ్ పొంగింది, చేపలు గుడ్లు విడిచాయి. డోపమైన్‌ను తిట్టాలని నాకైతే లేదు. పారే నీరు లేనిచోట లక్షల గుడ్లు పోసి ఏం చేసుకుంటాను?

ఒకప్పుడు రైతులు చేపపిల్లల కోసం నదుల మీదే ఆధారపడేవారు. వలలో పడ్డ దాంట్లో ఏ జాతి ఎంతుందో దేవుడికే ఎరుక. 1957 జూలై 10న ఒడిశాలో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి, సహచరుడు అలీకున్హితో కలిసి, మా కార్పు జాతి చేపలకు పిట్యూటరీ గ్రంథి రసం ఎక్కించి గుడ్లు పెట్టించారు. ఏటా ఆ తేదీన దేశంలో చేపల రైతుల దినోత్సవం జరుపుతారు. బాగానే ఉంది గానీ, ఆ రసం ఎక్కడిదనుకున్నారు? మా తలల్లోదే! బజారులో నరికిన తలల్లోంచి గ్రంథులు ఏరి ఆల్కహాల్ సీసాల్లో దాచేవారు. ఆ చేప ఏ దశలో చచ్చిందో దాన్నిబట్టే మందు బలం. తలల మాటకొస్తే పందులూ గొర్రెలూ మాకన్నా ఎక్కువే ఇచ్చుకున్నాయి. లక్షలాది మెదళ్లు వడకట్టి జీఎన్‌ఆర్‌హెచ్ నిర్మాణం తేల్చారు శాస్త్రవేత్తలు షాలీ, గీమెన్. అందుకే 1977 నోబెల్‌లో వాళ్లకు వాటా దక్కింది.

ఇప్పుడు నాకు వేసేది సీసా మందు. మిల్లీలీటరులో 20 మైక్రోగ్రాముల సాల్మన్ చేప తరహా జీఎన్‌ఆర్‌హెచ్, 10 మిల్లీగ్రాముల డోంపెరిడోన్. మొదటిది త్వరగా విరిగిపోకుండా మలిచిన ములుగర్ర, రెండోది పగ్గం విడిపించేది. సాయంత్రం వల లాగి, నా పొట్ట నొక్కి చూసి, కిలో బరువుకు అర మిల్లీలీటరు లోపు మందును రెక్క మొదట్లో పొడుస్తారు. మా మగవాళ్లకు అంతకన్నా తక్కువే చాలు. తర్వాత గుండ్రటి తొట్టిలో వదిలి నీళ్లు గిరగిరా తిప్పుతారు. వరద అనుకోవాలి కాబోలు! అనుకున్నా అనుకోకపోయినా తెల్లారేలోగా గుడ్లు పడతాయి.

ఆ డోంపెరిడోన్ మీకు తెలిసిందే, వాంతులకు వేసుకుంటారు. ఇక్కడే నాకూ మీ ఆడవాళ్లకూ తేడా. మీ డోపమైన్ గట్టిగా పగ్గం వేసేది పాల హార్మోన్ ప్రొలాక్టిన్‌కు. అది అదుపు తప్పి పెరిగితే జీఎన్‌ఆర్‌హెచ్ మందగించి అండం విడుదల ఆగిపోతుంది. బిడ్డకు పాలిచ్చే తల్లికి నెలసరి ఆలస్యం కావడంలోనూ ప్రొలాక్టిన్ చెయ్యి ఉంది. అంటే నాకు గుడ్లు పెట్టించే డోంపెరిడోన్ మీలో ప్రొలాక్టిన్ పెంచి నెలసరిని తారుమారు చేయగలదు. ప్రొలాక్టిన్ ఎక్కువై నెలసరి ఆగినవాళ్లకు డాక్టర్లు రాసే కాబెర్గోలిన్ డోపమైన్ పనే చేస్తుంది, నాకు వేస్తే గుడ్లకు అడ్డం పడేది. మరో తేడా కూడా ఉంది. మీ జీఎన్‌ఆర్‌హెచ్ గంటకో గంటన్నరకో ఒక విడతగా రావాలి. ఎడతెగకుండా పోస్తే గ్రంథి కొన్నాళ్లకు పలకడమే మానేస్తుంది.

తొట్టిలోంచి తీసి నన్ను మళ్లీ తల్లిచేపల చెరువులో వదిలారు. మేత బాగుంటే ఈ సీజన్‌లోనే ఇంకోసారి కడుపు నిండవచ్చు, మా హ్యాచరీ వాళ్లకు ఆ ఆశ ఉంది. అయితే సూది ఎంత మంచిదైనా ఉన్న గుడ్లను పండించగలదే గానీ లేని గుడ్లను పుట్టించలేదు. కనుక తవుడు ఒక్కటే పడేసి చేతులు దులుపుకోకుండా, వేరుశనగ చెక్క పాలు కాస్త పెంచమనండి.