జోలెటోపీ పద్యానికి టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది)

ఊలు దార మెత్తి యుంగరముగ జుట్టి
కొక్కెముననె గొలుసు కూర్చుకొనుచు
పట్టె లిరువిధంబు వరుసవరుస మార్చి
వెనుక జోలె వేల విడువవలయు

టీక: ఊలు దారము + ఎత్తి = ఊలు ఉండలోంచి పోగు లాగి; ఉంగరముగన్ + చుట్టి = వేలికి చుట్టి, లాగితే మూసుకునే ముడి చేసి; కొక్కెముననె = ఒక్క కొక్కెపు సూదితోనే; గొలుసు + కూర్చుకొనుచు = కుట్టులోంచి కుట్టు లాగుతూ; పట్టెలు + ఇరువిధంబు = రెండు రంగుల చారలను; వరుసవరుస + మార్చి = రెండేసి వరుసలకొకసారి మార్చి (ప్రతి వరుసకూ మార్చాలనే వారికి ఓపిక ఎక్కువ); వెనుక = మెడ మీదుగా; జోలె + వేలన్ = సంచి వేలాడేట్లు; విడువవలయున్ = వదలాలి.

తాత్పర్యం: చలికాలపు చారల టోపీని నడినెత్తి నుంచి అంచుదాకా అల్లి, వెనక వదులు ఉంచాలి.

విశేషాలు: ‘కొక్కెముననె’ అన్న ఏవకారం రెండు సూదుల పక్షాన్ని తోసిపుచ్చుతోంది. ఇది దేశాచారం. కోనసీమలోని మామిడికుదురు నుంచి రాజోలు మీదుగా సఖినేటిపల్లి రేవు చేరి, వశిష్ఠ గోదావరి దాటితే నరసాపురం. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక అక్కడి నుంచే ఉభయ గోదావరి జిల్లాల ఆడవాళ్ల చేతుల్లోకి వచ్చింది. 2024లో భౌగోళిక గుర్తింపూ పొందింది. అది ఒంటి కొక్కెం పని. రెండు సూదుల అల్లికలో వరుస కుట్లన్నీ సూది మీదే ఉంటాయి, ఒకటి జారితే కిందిదాకా ఊడుతుంది. కొక్కెం మీద నిలిచేది ఒక్క కుట్టే. జారినా పోగు లాగితే తప్ప ఊడదు.

‘విడువవలయు’ అన్నంత మాత్రాన జోలె రాదు, దానికి లెక్క ఉంది. తల చుట్టుకొలత 56 సెంటీమీటర్లయితే, అతుక్కునే టోపీకి నడినెత్తి బిళ్ళ అడ్డుకొలత 18 చాలు. జోలెకు 24 దాకా పెంచాలి. అప్పుడు చుట్టుకొలత 75కు చేరుతుంది. తర్వాత పెంచకుండా, తగ్గించకుండా కొన్ని వరుసలు అల్లి, చివర కుట్లు కలుపుతూ 51కి దించి, చెవులు మూసే పట్టీ అల్లాలి. పట్టీ బిగువు తప్పితే జోలె వెనక్కి కాక కళ్ల మీదికి వేలుతుంది.

రంగు మార్పు వరుసలో చివరి కుట్టు ముగియకముందే, ఆ కుట్టు ఆఖరి లాగుడుకు కొత్త పోగు అందించి చెయ్యాలి. అయినా చారలో చిన్న మెట్టు మిగులుతుంది. దాన్ని వెనక్కి తిప్పి పెట్టుకుంటే జోలె దాచేస్తుంది.

ఆక్షేపం: మంచు కురవని కోనసీమకు టోపీ దేనికి? సమాధానం: ధనుర్మాసపు పొగమంచులో, తెల్లారకముందే కొబ్బరితోటల మధ్య సైకిలు తొక్కుతూ పాలు పోసొచ్చేవారి చెవులకే. మంకీ క్యాప్ ఉందిగా అంటే, అందులో కొప్పుకు చోటు లేదు.

‘ఊలు’ మీద కూడా తకరారుంది. దుకాణాల్లో ఆ పేరుతో అమ్మేది చాలావరకు అక్రిలిక్. లేసు నూలు మరీ సన్నం. ఇక్కడి చెమటకు లావు నూలే మేలు; అది ఊలంత సాగదు కాబట్టి పట్టీని 51కి బదులు 53 దగ్గర ఆపాలి.

ఉతికాక తాడు మీద ఆరేస్తే తడి బరువుకు జోలె సాగిపోతుంది. తువ్వాలు పరిచి, దాని మీద ఆరబెట్టండి.