ఇంకా ఎంత ఉందో చెప్పేదాన్ని

నేనొక గడియారాన్ని. నాకు ముళ్లు లేవు, గంటలు కొట్టను. అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం, కేరీ పట్టణంలో వేక్‌మెడ్ సాకర్ పార్క్ ఉంది. మీరు ఫుట్‌బాల్ అనే ఆటే ఇక్కడ సాకర్. ఆ మైదానం స్కోరుబోర్డు మీద వెలిగే అంకెలే నా ఒళ్లు.

నాకు రెండు నడకలున్నాయి. నార్త్ కరోలినా కరేజ్ అనే ప్రొఫెషనల్ మహిళల జట్టు ఆడే రోజున సున్నా దగ్గర బయల్దేరి పైకి వెళ్తాను. కాలేజీ అమ్మాయిలు దిగిన రోజున 45:00 దగ్గర మొదలై కిందికి దిగుతాను. ప్రొఫెషనల్ ఆటలో రిఫరీ చివర్లో కొన్ని నిమిషాలు కలుపుతారు. కాలేజీ ఆటలో ఆ కలపడం లేదు. గోల్ పడినా, కార్డు చూపినా, ఎవరైనా దెబ్బ తగిలి పడిపోయినా రిఫరీ సైగతో నన్ను ఆపేస్తారు. మళ్లీ సైగ చేస్తే కదులుతాను. సున్నా రాగానే హారన్ మోగుతుంది. ఆ క్షణానికి బంతి గోల్ గీతకు జానెడు ఇవతల ఉన్నా లెక్కలోకి రాదు.

నా ప్రాణమంతా గీత పక్కన బల్ల దగ్గర కూర్చున్న మనిషి చేతిలో ఉంటుంది. వేలు మీట మీద, కళ్లు రిఫరీ మీద. తొంభై నిమిషాల్లో ఆ మనిషి ఆటను ఆటలా చూడగలిగేది చాలా తక్కువ. ఆ ఓపికను నేను దగ్గరగా చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఈ అమ్మాయిల కోసం నేను వెలగడం వెనక ఒక చట్టం ఉంది. 1972 జూన్ 23న అమెరికాలో టైటిల్ నైన్ అమల్లోకి వచ్చింది. ప్రభుత్వ నిధులు తీసుకునే ఏ విద్యాసంస్థా ఆడ, మగ తేడా చూపకూడదన్నది దాని సారం. చదువు గురించి రాసిన ఆ చట్టమే ఆటస్థలాల గేట్లూ తెరిచింది. ఇక్కడికి దగ్గర్లోని చాపెల్ హిల్‌లో యూనివర్సిటీ ఆఫ్ నార్త్ కరోలినా 1979లో మహిళల జట్టును నిలబెట్టి, ఆన్సన్ డోరెన్స్ చేతిలో పెట్టింది. ఆయన 1951లో పుట్టింది మీ బొంబాయిలోనే. 1982లో కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ తొలి మహిళల జాతీయ పోటీ పెడితే కప్పు ఆ జట్టుకే దక్కింది. 1991లో మొట్టమొదటి మహిళల ప్రపంచ కప్ గెలిచిన అమెరికా జట్టుకూ ఆయనే కోచ్. ఆయన దగ్గర ఆడిన మియా హామ్ కాలేజీ రోజుల్లోనే 103 గోల్స్ కొట్టింది.

ఒక జట్టు ఒంటరిగా పెరగదు, ఏటా ఎదురు నిలిచి చెమటలు పట్టించే ఇరుగుపొరుగు కావాలి. ఆ ఇరుగుపొరుగు పేరే అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్. కాన్ఫరెన్స్ అంటే ఇక్కడ సభ కాదు, కలిసి పోటీలు నడుపుకునే యూనివర్సిటీల కూటమి. 1953లో గ్రీన్స్‌బరోలో ఏడు యూనివర్సిటీలతో మొదలైంది. మహిళల సాకర్ 1987లో ఈ కూటమి ఆటల్లో చేరింది, మరుసటి ఏడాది టోర్నమెంటు వచ్చింది. నవంబరు చలిలో ఆ టోర్నమెంటు ఫైనళ్లకు ఎన్నోసార్లు నేనే లెక్క చెప్పాను. 2020 నుంచి ఐదేళ్లు వరసగా ఫ్లోరిడా స్టేట్ అమ్మాయిలు ఇక్కడే కప్పు ఎత్తారు. 2024లో పసిఫిక్ తీరం నుంచి స్టాన్‌ఫర్డ్ కూడా వచ్చి చేరింది. ఒక్క మ్యాచ్ కోసం దేశం ఈ చివర నుంచి ఆ చివరకు ఎగిరి, మర్నాడు క్లాసులో కూర్చునే పిల్లలు వీళ్లు.

నాకు బరువనిపించేది ఓడిన జట్టులోని ఆఖరి ఏడాది అమ్మాయిలను చూసినప్పుడు. ఒక సాయంత్రం సున్నా మోగాక అందరూ వెళ్లిపోయినా ఒకమ్మాయి గడ్డి మీదే కూర్చుంది. సాక్సు కిందికి లాగి, చీలమండకు చుట్టిన తెల్లటి టేపును నెమ్మదిగా విప్పింది. విప్పిన టేపును ఉండగా చేసి గుప్పిట్లో పట్టుకుని నా వైపు చూసింది. కాలేజీ ఆటకు మామూలుగా నాలుగు సీజన్లే. ఆమె నాలుగూ అయిపోయాయి. నా మీద సున్నాలు తప్ప ఏమీ లేవు. ఒక్క సెకను ఇవ్వగలిగినా ఇచ్చేదాన్ని.

2024 డిసెంబరులో జాతీయ పోటీ సెమీఫైనల్స్‌కు నాలుగు జట్లూ ఈ ఒక్క కూటమి నుంచే వచ్చాయి. నార్త్ కరోలినా, డ్యూక్, స్టాన్‌ఫర్డ్, వేక్ ఫారెస్ట్. ఫైనల్ నా ముందే జరిగింది. నార్త్ కరోలినాకు అంతకుముందే 21 ఎన్‌సీఏఏ కప్పులు, వేక్ ఫారెస్ట్‌కు అదే తొలి ఫైనల్. డోరెన్స్ ఆ ఆగస్టులోనే తప్పుకున్నారు, కొత్త కోచ్‌తో దిగిన జట్టు అది.

ఈ ఊళ్లో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, వేంకటేశ్వరస్వామి గుడి కూడా ఉంది. ఆ రాత్రి గ్యాలరీలో తెనాలి నుంచి కూతురింటికి వచ్చిన ఓ పెద్దాయన, శాలువా చెవుల దాకా కప్పుకుని, మనవరాలి పక్కన కూర్చున్నాడు.

"అమ్మలూ, ఈ గడియారం వెనక్కి నడుస్తోందేమిటే?"

"ఎంత అయిందో కాదు తాతయ్యా, ఇంకా ఎంత ఉందో చెబుతోంది."

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ అమ్మమ్మ స్కూల్లో టెన్నికాయిట్ ఆడితే రింగు కింద పడేది కాదట. ఎనిమిదో తరగతిలో మాన్పించేశారు. అప్పటికి ఆవిడకు ఇంకా ఎంత ఉందో ఎవరూ అడగలేదు" అన్నాడు.

రెండో అర్ధభాగంలో నార్త్ కరోలినా అమ్మాయి ఒలివియా థామస్ గోల్ కొట్టింది. నన్ను ఆపారు, మళ్లీ నడిపారు. వేక్ ఫారెస్ట్ అమ్మాయిలు నా వైపు చూస్తూనే పరుగెత్తారు, ఒక్క నిమిషం కూడా వదులుకోలేదు. చివరి పది సెకన్లు మైకులో లెక్కపెట్టడం ఇక్కడి ఆనవాయితీ. స్టేడియమంతా ఇంగ్లీషులో గొంతు కలిపింది. శాలువాలోంచి ఒక్క గొంతు మాత్రం తెలుగులో లెక్కపెట్టింది. పది, తొమ్మిది, ఎనిమిది... ఎనిమిది దగ్గర ఆ గొంతు కొంచెం వణికింది, అయినా ఒకటి దాకా వచ్చింది.

హారన్ మోగింది. 1-0.

దీపాలు ఆర్పాక మైదానం మీద మంచు పడింది. చలికాలమంతా నేను చీకట్లోనే ఉంటాను. ఆగస్టులో కాలేజీ ఆటలు మొదలైనప్పుడు ఎవరో వచ్చి మీట నొక్కుతారు. ఈసారి ఏ ఊరి పిల్లలు నా వైపు తలెత్తి చూస్తారో తెలియదు కానీ, వాళ్ల కోసం నా దగ్గర 45:00 ఉంటుంది.