డెనాలి బాబాయి

కృష్ణా డెల్టా దిగువ భాగంలో, అంటే గుడివాడ మొదలుకొని మచిలీపట్నం మీదుగా దివిసీమ చివరి లంకల దాకా పరచుకొన్న పల్లపు నేలలో, అమెరికా ఉద్యోగాల పుణ్యమా అని ఈ తరంలో ఒక కొత్త రకం పెద్దమనిషి అవతరించాడు. వయస్సు అరవై దాటి, ఉద్యోగ విరమణ పొంది, కొడుకో కూతురో సియాటిల్ ప్రాంతంలో స్థిరపడగా, సందర్శకుల వీసా మీద ఆరు నెలలు అక్కడ గడపడానికి వెళ్ళి, ఆ ఆరు నెలలలో మూడు రోజులు అలాస్కాలోని డెనాలి జాతీయోద్యానంలో తిరిగివచ్చి, మిగిలిన జీవితమంతా ఆ మూడు రోజుల గురించే మాట్లాడే వ్యక్తిని ఈ రకానికి ప్రతినిధిగా గ్రహించవచ్చు. వరుసకు ఊరందరికీ బాబాయే కాబట్టి, కొండ పేరు వరుసకు ముందు చేరి, ఆయనకు డెనాలి బాబాయి అనే వ్యవహారం స్థిరపడింది.

ఈ రకం ఇక్కడే ఎందుకు పుట్టిందో తెలియాలంటే ఈ నేల సంగతి తెలియాలి. పులిగడ్డ దగ్గర కృష్ణానది రెండు పాయలుగా చీలి, దివిసీమను మధ్యన పెట్టుకొని సముద్రంలో కలిసే ఈ ప్రాంతం సముద్రమట్టానికి కొద్ది మీటర్లే ఎత్తు; కొండ అనేది కంటికి కనిపించాలంటే బెజవాడ దాకా పోవలసిందే. ఇక్కడ పుట్టినవాడు బాల్యం నుంచి ఎక్కిన ఎత్తులు కాలువ గట్టు, గడ్డివామి, రైలు పట్టాల మీది వంతెన, ఇంతకు మించి లేవు. నడక మాత్రం ఈ మనుషులకు కొత్త కాదు, కాని చేనికి నీరు పెట్టడానికో, తప్పిపోయిన గేదెను వెదకడానికో, పెళ్ళి పిలుపులకో నడిచినవారే తప్ప ఊరకే నడిచినవారు లేరు. ఏ పనీ లేకుండా, ఎక్కడికీ చేరవలసిన అవసరం లేకుండా, వీపున బరువు కట్టుకొని కొండకోనల్లో తిరగడాన్ని హైకింగ్ అంటారని, దానికోసం ప్రత్యేకంగా బూట్లు కొని ఆఫీసుకు సెలవు పెడతారని బాబాయికి అరవై దాటాకే తెలిసింది.

జాతీయోద్యానమనగా ప్రభుత్వం చట్టం ద్వారా ప్రకృతికి విడిచిపెట్టిన నేల. అందులో సేద్యం చేయరాదు, ఇష్టం వచ్చినట్లు ఇళ్ళు కట్టరాదు. ఈ నిర్వచనం బాబాయిని కలవరపెట్టినంతగా ఎలుగుబంటి కూడా కలవరపెట్టలేదు. 1917లో మౌంట్ మెకిన్లీ పేరుతో ఏర్పడి, 1980లో విస్తరించి డెనాలిగా పేరు మార్చుకొన్న ఈ ఉద్యానం విస్తీర్ణం సుమారు 60 లక్షల ఎకరాలని కొడుకు చెప్పగా, ప్రకాశం బ్యారేజీ కింద సాగయ్యే మొత్తం ఆయకట్టు సుమారు 13 లక్షల ఎకరాలేనని చిన్ననాటి నుంచి విని గర్వించిన ఆయన, కారులో చాలాసేపు మాట లేకుండా కూర్చొని, చివరకు ‘పట్టా ఎవరి పేరున ఉందిరా?’ అని అడిగినట్లు కుటుంబ సంప్రదాయం చెబుతున్నది. ప్రజలందరిదీ అని జవాబు రాగా, అందరిదీ అయితే ఇంతవరకు ఆక్రమణ కాకుండా ఎలా మిగిలిందన్న ఆయన రెండవ ప్రశ్నకు ఈనాటికీ సమాధానం లభించలేదు. అంత నేలకూ 148 కిలోమీటర్ల రోడ్డు ఒక్కటే ఉందని, అందులోనూ వేసవిలో సొంత కారును మొదటి 24 కిలోమీటర్ల దాకానే రానిస్తారని తెలిసినప్పుడు, డొంక లేని చేను ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే అని తీర్పు చెప్పి ఆ ప్రకరణాన్ని ముగించాడు.

ప్రయాణానికి ముందు ఆయన చేసిన సన్నాహాలు రెండు. ఒకటి, ఉదయం నడకను కాలేజీ మైదానం చుట్టూ రెండు నుంచి నాలుగు చుట్లకు పెంచడం. రెండవది, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వర స్వామికి మొక్కుకోవడం. దివిసీమలోని ఈ స్వామి సర్పరూపంలో పూజలందుకొనే దేవుడు. పొలం గట్ల మీద పాము భయంతో బతికే ప్రజలకు ఆయన రక్షకుడు. అడవి అనగానే పామే గుర్తుకు వచ్చిన బాబాయి, క్షేమంగా తిరిగివస్తే పుట్టలో పాలు పోస్తానని మొక్కుకొని వెళ్ళగా, అలాస్కాలో అసలు పాములే ఉండవని కొడుకు అక్కడ చెప్పాడు. ఈ వార్త విని మొక్కు వృథా అయిందని సామాన్యుడు భావిస్తాడు; స్వామి మహిమ అంత దూరం పనిచేసిందని బాబాయి భావించాడు. వ్యాఖ్యానశక్తిలో ఆయనకు సాటి రాగలవారు తక్కువ.

డెనాలిలో బాటలు వేసి ఉన్న చోట్లు కొద్ది. మిగిలిన నేలలో ఎక్కువగా కనిపించేది టండ్రా, అనగా చలి వల్ల చెట్లు ఎదగక, నాచు, గడ్డి, పొదలు మాత్రమే పెరిగే మైదానం. చాలాచోట్ల దాని అడుగున ఏళ్ళ తరబడి కరగని గడ్డకట్టిన నేల ఉండడం వల్ల నీరు ఇంకక, పైపొర మెత్తగా కుంగుతూ, దమ్ము చేసిన చేను వలె ఉంటుంది. దమ్ములో నడవడం డెల్టావాసికి పుట్టుకతో వచ్చిన విద్యే అయినా, ఆ విద్య వట్టికాళ్ళది. కొడుకు బలవంతం మీద తొడిగిన బూట్లతో బాబాయి మొదటి పది నిమిషాలలోనే రెండుసార్లు కూర్చుండిపోయాడు. అంతకన్న పెద్ద చిక్కు నడిచే పద్ధతిలో వచ్చింది. బాట లేని చోట ఒకరి వెనుక ఒకరు నడిస్తే మొక్కలు నలిగి కొత్త బాట పడుతుందని, టండ్రా మొక్క తిరిగి పెరగడానికి ఏళ్ళు పడుతుందని, కాబట్టి ఎవరికి వారు విడివిడిగా పరచుకొని నడవాలని అక్కడి అధికారులు చెబుతారు. గట్టు మీద ముందువాని మడమ చూసుకొంటూ నడవడమే మర్యాదగా ఎరిగిన మనిషికి ఇది అరాచకంగా తోచి, మనుమడి వెనుకనే నడుస్తూ, ప్రతి పది అడుగులకూ మందలింపు తిన్నాడు.

ఎలుగుబంటి విషయం కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది. ఎలుగుబంటికి 300 గజాలకు తక్కువ కాని దూరంలో ఉండాలన్నది ఉద్యానం నియమం. దగ్గరకు వస్తే ముఖాన చిమ్మడానికి అమ్మే డబ్బాలో ఉండేది మిరపకాయకు ఘాటునిచ్చే క్యాప్సైసిన్ అని తెలిసి, డాలర్లను రూపాయల్లోకి మార్చి చూసుకొన్న బాబాయి, కృష్ణకు అవతలి ఒడ్డున గుంటూరులో ఇదే సరుకు కిలో ధర ఎంతో దుకాణంలోనే ప్రకటించాడు. ఆయన చూసిన ఎలుగుబంటి నిజానికి బస్సు కిటికీలోంచి, ఎదుటి కొండవాలు మీద, గోధుమరంగు చుక్కగా కనిపించినది. దసరాకు ఇంటికి వచ్చిన కొత్తలో ఆ దూరం 300 గజాలు ఉండేది. కార్తీకమాసపు వనభోజనాల నాటికి అది నూరు గజాలయింది. సంక్రాంతి నాటికి ఎలుగుబంటి బస్సు మెట్టు మీద కాలు పెట్టింది. మచిలీపట్నం కోనేరు సెంటర్లో కొందరు శ్రోతలు దాని ఊపిరి వాసనను గురించి కూడా విన్నారు.

శిఖరం సంగతి ఇంతకన్న సున్నితమైనది. 6,190 మీటర్ల ఎత్తుతో ఉత్తర అమెరికాలో అన్నిటికన్న పెద్దదైన ఆ పర్వతం తరచు మబ్బులలో దాగి, వేసవిలో వచ్చినవారిలో మూడోవంతు మందికే కనిపిస్తుందని చెబుతారు. బాబాయి తక్కిన రెండు వంతులలోని వారు. ఆయన ఫోనులోని ఫొటోలో తెల్లని మబ్బు తప్ప ఏమీ లేకపోయినా, వేలితో మబ్బు మధ్యను చూపి ‘సరిగ్గా దీని వెనకాలే ఉంది’ అనడంలో అసత్యం లేశమైనా లేదు. నిజామాబాద్ జిల్లా పాకాలలో పుట్టి, 2014లో పదమూడేళ్ళ వయస్సులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ 2022లో ఈ డెనాలిని కూడా ఎక్కి ఏడు ఖండాల శిఖరాలనూ పూర్తి చేసిందని ఎవరో కుర్రవాడు గుర్తుచేసినప్పుడు, ఎక్కడం సాధనతో వస్తుంది కాని చూడడం అదృష్టం ఉంటేనే అని బాబాయి సెలవిచ్చాడు. 2025లో అమెరికా ప్రభుత్వం శిఖరానికి మళ్ళీ మెకిన్లీ అని పేరు మార్చినప్పుడు ఆయన బిరుదుకు కొంత ప్రమాదం ఏర్పడినా, ఉద్యానం పేరు డెనాలిగానే నిలవడంతో గండం గడిచింది.

జూన్ చివరలో అక్కడ పగలు ఇరవై గంటలకు పైగా ఉంటుంది కాబట్టి, చీకటి పడ్డాక వేసుకోవలసిన రక్తపోటు మాత్ర గురించి మూడు రోజులూ చర్చ జరిగింది. దోమలు మాత్రం సమృద్ధిగా ఉండి, ఆయనకు ఇంటిని గుర్తుచేసిన ఏకైక విషయంగా నిలిచాయి.

ఇంతవరకు చెప్పిన చరిత్రలో పిన్ని ప్రసక్తి రాకపోవడానికి కారణం, బాబాయి కథనంలోనూ ఆ ప్రసక్తి లేకపోవడమే. సావేజ్ నది వెంబడి సాగి, కాలివంతెన మీదుగా అవతలి ఒడ్డున తిరిగివచ్చే, మొత్తం సుమారు మూడు కిలోమీటర్ల బాటను ఆమె చీర మీద స్వెట్టరు తొడిగి, కాన్వాసు జోళ్ళతో, మనుమరాలిని పట్టుకొని పూర్తిగా చుట్టివచ్చింది. ఏళ్ళ తరబడి తులసికోట చుట్టూ, మోపిదేవి గుడి చుట్టూ చేసిన ప్రదక్షిణల ముందు అది ఆమెకు పెద్ద లెక్కలోనిది కాదు. ఆ సమయంలో బాబాయి బాట మొదట్లో రాయి మీద కూర్చొని, నది వెడల్పును అంచనా వేస్తున్నాడు. వాసన వేసే తిండిని గుడారంలో ఉంచకూడదన్న నియమం ప్రకారం రాత్రిపూట ఆవకాయ సీసాను కారులో పెట్టి తాళం వేసినదీ, ఉదయం మరచిపోకుండా తెచ్చినదీ ఆమెయే.

కాబట్టి డెనాలి వెళ్ళదలచినవారు వివరాలకు పిన్నినే అడగడం మంచిది. బస్సులు మే 20 మొదలు సెప్టెంబరు మధ్య వరకే తిరుగుతాయనీ, 2021 ఆగస్టులో కొండచరియ జారిన తరువాత అవి 43వ మైలు దగ్గరే వెనుదిరగసాగాయనీ, కొత్త బూట్లను నెల ముందే తొడిగి అలవాటు చేసుకోవాలనీ, ముఖానికి దోమతెర ఉన్న టోపీ తప్పదనీ ఆమె వంటింట్లోంచే నాలుగు ముక్కల్లో చెప్పేస్తుంది. ఎలుగుబంటి గురించి మాత్రం బాబాయినే అడగాలి, అదీ సంక్రాంతికి ముందే అడగాలి.