రెండు సరుగుడు గుంజల మధ్య

నన్ను మా ఊళ్లో నెట్టు అంటారు. వల అంటే మావాళ్లకు చేపలదే. అమలాపురానికి నాలుగు మైళ్లలో, కాలువ గట్టు దిగగానే కనిపించే బడి ఆవరణలో, రెండు సరుగుడు గుంజల మధ్య నా కాపురం. పొడవు 20 అడుగులు, వెడల్పు రెండున్నర అడుగులు, పై అంచున తెల్ల పట్టీ. గుంజల దగ్గర 5 అడుగుల 1 అంగుళం ఎత్తు, నడిమిన కచ్చితంగా 5 అడుగులు. ఆ అంగుళం తేడా ఎవరి కంటికీ ఆనదు. మాస్టారి కంటికి ఆనుతుంది. రిటైరైన డ్రిల్లు మాస్టారు ఆయన. మేకుతో రెండు గాట్లు పెట్టిన వెదురు కర్ర ఒకటి ఆయన సైకిలుకు ఎప్పుడూ కట్టే ఉంటుంది. ఆ కర్ర ఆనించి చూశాకే ఏ పూటైనా ఆట.

నాకు ముందు ఇక్కడ బాల్ బ్యాడ్మింటన్ నెట్టు ఉండేదని ఆయనే చెబుతుంటారు. పసుపు ఊలు బంతి, పక్కకు ఐదుగురు, 35 పాయింట్ల ఆట. గాలికి జంకని ఆట అది. షటిల్ అలా కాదు. 16 ఈకలు, కాస్త బెండు, అంతా కలిపి ఐదు గ్రాములు. సముద్రం వైపు నుంచి గాలి లేచిందంటే అటు కొట్టింది ఇటు పోతుంది. అందుకే మా పిల్లలు తెల్లారకట్ల, కొబ్బరాకు కదలని వేళ ఆడతారు. రోజూ ప్లాస్టిక్ షటిల్. ఆదివారం మాత్రం తలా కాస్త వేసుకుని ఈకల షటిల్ కొంటారు. ఈకలది నా పట్టీని రాసుకుంటూ వెళ్లినప్పుడు చేసే చప్పుడు వేరు. ఎండిన అరిటాకును వేలితో మీటినట్టు ఉంటుంది.

అదే ఆటను అమలాపురంలో తండ్రిని, అన్నను చూసి నేర్చుకున్నవాడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి. తండ్రి కాశీ విశ్వనాథం వ్యాయామ ఉపాధ్యాయుడు. 2014లో పిల్లవాణ్ణి హైదరాబాదులో గోపీచంద్ అకాడమీకి పంపారు. తర్వాత ముంబయి కుర్రాడు చిరాగ్ శెట్టితో జోడీ కుదిరింది. ఇక్కణ్నుంచి మా పిల్లల లెక్కలు మొదలవుతాయి. 2022 మేలో బ్యాంకాక్‌లో ఇండోనేషియాను 3–0తో ఓడించి మన దేశం థామస్ కప్పు గెలిచింది, ఆ జట్టులో మనోడు. అదే ఏడు బర్మింగ్‌హామ్‌లో కామన్వెల్త్ బంగారం. 2023 ఏప్రిల్లో జపాన్‌లోని ఓ రాకెట్ల కంపెనీ ప్రాంగణంలో కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్లు, గిన్నిస్ రికార్డు. రైలు ఇంకా చేరని అమలాపురం నుంచి వెళ్లిన చేతిలో అంత వేగం ఉందని పిల్లలు గుంజలకు వీపు ఆనించుకుని చెప్పుకుంటుంటే నా దారాలు బిగుసుకునేవి. అలాంటి దెబ్బ నాకు తగిలితే ఏమైపోతానో అని కాదు. ఒక్కసారైనా తగిలితే బావుండునని.

2023 అక్టోబరు 7న హాంగ్‌జౌ ఆసియా క్రీడల ఫైనల్లో కొరియా జోడీని 21–18, 21–16తో గెలిచారు. ఆసియా క్రీడల బ్యాడ్మింటన్‌లో మన దేశానికి అదే మొదటి బంగారం. మూడు రోజులకు, 10న, ప్రపంచ ర్యాంకుల జాబితా వచ్చింది. పురుషుల డబుల్స్‌లో మొదటి స్థానం సాత్విక్–చిరాగ్. సింగిల్స్‌లో మన తెలుగువాళ్లలో గుంటూరు జిల్లా శ్రీకాంత్ 2018లోనే ఆ మెట్టు ఎక్కాడు గానీ, డబుల్స్‌లో భారత జోడీ ఎక్కడం అదే మొదలు.

ఆ సాయంత్రం బడి గేటు ముందు పది పదిహేను మంది కుర్రాళ్లు పోగయ్యారు. నన్ను గుంజల నుంచి విప్పి గేటుకు అడ్డంగా కట్టారు. నా కన్నుల్లోంచి బంతిపూలు దూర్చి, వాటితోనే పెద్ద ‘1’ అంకె వేశారు. ఒకడు బండి మీద తాపేశ్వరం వెళ్లి మడత కాజాల పెట్టె తెచ్చాడు. తాషాలవాళ్లను పిలిచారు. ఔట్ల సంచి దించుతుండగా ఎదురింటి మామ్మ అరుగు మీంచి లేచింది.

“ఏంట్రా ఈ హడావుడి? మహాలయ పక్షాలర్రా, ఇప్పుడు ఔట్లు కాలుత్తారా ఎవరన్నా?”

“మనోడు వరల్డ్ నంబర్ వన్ అండీ మామ్మగారూ!”

“మరి ఒలింపిక్కో ఏదో వచ్చే ఏడు ఉందన్నారు. అది గెల్చుకొచ్చాక చేసుకోండి. వరి పొట్ట మీదుండగానే గాదెకు పసుపు రాత్తారా? పిల్లోడికి దిష్టి తగులుద్ది.”

కుర్రాళ్లు మొహాలు చూసుకున్నారు. మామ్మ మాటకు మా వీధిలో విలువుంది. ఆవిడ అన్నదాంట్లో తప్పూ లేదు. కాలువ అవతల సార్వా చేలు నిజంగానే పొట్ట మీదున్నాయి. అప్పుడే మాస్టారు సైకిలు దిగి స్టాండు వేశారు.

“అక్కయ్యగారూ, ఏరువాక ఎప్పుడు చేస్తామండీ? కోతలయ్యాకా? జ్యేష్ఠ పున్నమికి ఎడ్లకు పసుపు రాసి, కొమ్ములకు రంగులేసి పండగ చేసేనాటికి చేలో గింజ కూడా పడదు. తొంభయ్యారులో నవంబరు 6న తుపానొచ్చింది. మీ తోట, మా తోట అని లేదు, చెట్లన్నీ నేలకొరిగాయి. పంట ఇంటికొచ్చాకే నవ్వాలంటే ఆ ఏడు మనం నవ్వకుండానే పోయేవాళ్లం కదండీ.”

మామ్మ చాలాసేపు మాట్లాడలేదు. తొంభయ్యారు పేరెత్తితే ఈ సీమలో ఆ వయసువాళ్లెవరూ వెంటనే మాట్లాడరు. తర్వాత లోపలికి వెళ్లి గుప్పెట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు తెచ్చి నా చుట్టూ, ఆ పూల అంకె చుట్టూ మూడుసార్లు తిప్పింది. “కాల్చుకోండి” అంది.

ఆ రాత్రి ఆవిడ మనవరాలు, ఒకటో తరగతి పిల్ల, నా కింద నుంచుని పట్టీ అందుకోవాలని ఎగిరెగిరి పడింది. దాని తలకూ నా పట్టీకీ మధ్య మూరెడు ఖాళీ.

ఆ మొదటి ర్యాంకు ఎవరో మెచ్చి ఇచ్చిన బిరుదు కాదని నాకు తెలుసు. 52 వారాల్లో ఆడిన పోటీల్లో బాగా వచ్చిన పదింటి పాయింట్లు కలిపితే వచ్చే లెక్క అది. ఆ ఏడు స్విస్ ఓపెన్, దుబాయ్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్, ఇండోనేషియా ఓపెన్, కొరియా ఓపెన్ గెలిచారు. ఏడాది పొడుగునా ఊరూరా తిరిగి, ఒంటి నొప్పులతో పండించిన పంట. ఒలింపిక్స్ వేరు. అక్కడ గ్రూపు దాటాక క్వార్టర్ ఫైనల్ ఒక్కటి పోతే సంచి సర్దుకోవాలి. నేను రోజూ రెండు పక్కలా చూసేదాన్ని. 21–5తో గెలిచే జోడీ కూడా ఒకానొక పొద్దున షటిల్ నా అంచు తగిలి ఇటే పడిపోతే ఓడిపోతుంది. ఆ ఒక్క పొద్దు కోసం మిగతా ఏడాదంతా నోరు మూసుకోవాలంటే నాకు మనసొప్పదు.

డిసెంబరులో నా బతుకు ఇంకో మలుపు తిరిగింది. కోతలు జరుగుతుండగా మిచౌంగ్ తుపాను. 5న బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ దాని గాలి, వాన మా గోదావరి జిల్లాలనూ వదల్లేదు. కళ్లాల్లో ధాన్యం రాశులు. బరకాలు కప్పితే గాలికి లేచిపోతున్నాయి. మాస్టారి తమ్ముడుగారు పరుగున వచ్చి నన్ను విప్పి తీసుకెళ్లి బరకం మీద పరిచి, నాలుగు కొసలా ఇటుకలు కట్టారు. రెండు రాత్రులు ఆ రాశి మీద బోర్లా పడుకున్నాను. గాలి బరకాన్ని కింద నుంచి తన్నిన ప్రతిసారీ నా దారం ఒకటి తెగేది. తెల్లారేసరికి నడిమిన చాటంత చిరుగు. అడుగున గింజ చాలావరకు తడవలేదు.

ఆ చిరుగును ఓడలరేవు నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఓ పెద్దాయన కుట్టాడు. సముద్రం మీద నలభై ఏళ్లు వల వేసిన చేయి. నా గోధుమరంగు దారం దొరకలేదు, తన దగ్గరున్న నీలం నైలాను దారంతోనే మొదలుపెట్టాడు. వెదురు బద్దతో చేసిన సూది, చూపుడువేలే కొలత. వేలి చుట్టూ దారం తిప్పి, ముడి వేసి, పళ్లతో బిగించి వదిలేవాడు. ఒక్కో కన్ను ఒకే తీరుగా వచ్చింది. నిమ్మకాయంత చేప కూడా జారదంటూ మాస్టారికి అప్పగించాడు. ఆనాటి నుంచి నా నడుమ నీలం అతుకు. కుర్రాళ్లు సర్వీసు చేసేటప్పుడు దాన్నే గురి చూసుకుంటారు.

2024 ఆగస్టు 1. ఆషాఢం చివర, వాన. ఆవరణంతా నీళ్లు. నన్ను చుట్టి బడి వరండాలో దూలానికి వేలాడదీశారు. నా కిందే బెంచీ మీద ఫోను నిలబెట్టి అందరూ చుట్టూ మూగారు. పారిస్‌లో క్వార్టర్ ఫైనల్, మలేసియా జోడీ ఆరోన్ చియా–సో వూయ్ యిక్. మొదటి గేము 21–13 మనదే. వరండా ఊగిపోయింది. రెండోది 14–21. మూడోదాంట్లో చాలాసేపు పక్కపక్కనే నడిచి, చివర్లో 16–21.

ఫోను ఎవరో బోర్లా పెట్టారు. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒక కుర్రాడు గొంతు పూడుకుపోతుండగా అన్నాడు: “మామ్మగారు అప్పుడే చెప్పారు. ముందే సంబరం చేసి దిష్టి పెట్టాం.”

బోస్టన్‌లో ఉద్యోగం చేసే మా వీధి అబ్బాయి అప్పటికే వీడియో కాల్‌లో ఉన్నాడు, అతనూ అక్కడ చూస్తూనే ఉన్నాడు. “ఒరేయ్, ఇటు వినండి,” అన్నాడు. “ఇక్కడ ఐస్ హాకీ ఉంటుంది. మా ఊరి జట్టు బ్రూయిన్స్. 2022–23లో 82 మ్యాచ్‌లాడి 65 గెలిచారు. ఆ లీగులో అంతకుముందు ఎవరికీ అన్ని గెలుపులు లేవు. వాళ్ల డివిజన్లో ఫస్టు. చలికాలమంతా ఊరు పండగే. నేనూ వాళ్ల జెర్సీ కొనుక్కున్నా. తీరా ప్లేఆఫ్‌ల మొదటి రౌండులోనే ఫ్లోరిడా జట్టు ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో బయటికి పంపేసింది. ఆ రాత్రి ఏడ్చాను. కానీ జెర్సీ ఇప్పటికీ తొడుక్కుంటున్నా. ఆ 65 మ్యాచ్‌లూ నేను చూసినవే కదా, అవెక్కడికి పోతాయిరా?”

ఎవరూ ఏమీ అనలేదు. అంతలో మామ్మ గొడుగేసుకుని వరండా ఎక్కింది, చేతిలో టీ ఫ్లాస్కు. ఫలితం ఇంట్లో టీవీలో చూసే వచ్చింది. దిష్టి మాట ఎత్తలేదు. గ్లాసులు పంచుతూ, “మొదటి ఆట ఎంత బాగా ఆడారర్రా!” అంది.

2025 ఫిబ్రవరి 20న కాశీ విశ్వనాథం గారు పోయారు. ఢిల్లీలో కొడుకు ఖేల్‌రత్న అందుకోవాల్సిన వేళ, గుండెపోటు. ఆ కబురు వచ్చిన పూట మాస్టారు నన్ను కట్టనివ్వలేదు. వ్యాయామ మాస్టార్ల బాధ వ్యాయామ మాస్టార్లకే తెలుస్తుంది. ఎండలో ఈల వేస్తూ ఎందర్నో పరిగెత్తిస్తారు, వాళ్లలో ఒక్కడు ఎగిరితే చాలనుకుంటారు. ఆయన కొడుకే ఎగిరాడు. గుంజల మధ్య ఖాళీ చోటులో మాస్టారు చాలాసేపు ఒక్కరే నుంచున్నారు, వెదురు కర్ర చేతిలో పట్టుకుని.

ఆ ఆగస్టు చివర్లో ప్రపంచ ఛాంపియన్‌షిప్. మళ్లీ పారిస్, ఒలింపిక్స్ ఆడిన ఆ మందిరమే. క్వార్టర్ ఫైనల్లో ఎదురైందీ ఆ చియా–సో జోడీయే. వినాయక చవితి రోజులు. బడి గేటు పక్క పందిట్లో నన్ను వెనక తెరగా కట్టి, నా కన్నుల్లోంచి సీరియల్ బల్బుల తీగ తిప్పారు. రాత్రి పొద్దుపోయింది, పాటలు ఆపేశారు. స్వామి ఎదుట చాపల మీద కుర్రాళ్లు, మధ్యలో ఫోను. నా బల్బుల ఎరుపు, పచ్చ వాళ్ల మొహాల మీద వెలిగి ఆరుతోంది.

21–12. ఎవరూ అరవలేదు. గతేడాది మొదటి గేము తర్వాత అరిచింది అందరికీ గుర్తే. రెండోది సాగుతున్న కొద్దీ ఊపిరి బిగబట్టారు. 21–19. అప్పుడు లేచిన కేకకు కాలువ గట్టు మీద కుక్కలన్నీ మొరిగాయి.

ఎదురింట్లో దీపం వెలిగింది. మామ్మ వచ్చింది, పళ్లెం నిండా ఉండ్రాళ్లు, తాలింపు శనగలు. పొద్దున నైవేద్యానికని ముందుగా వండి పెట్టుకున్నవి కొన్ని స్వామి ముందు పెట్టి, మిగతావి కుర్రాళ్ల చేతుల్లో పెట్టడం మొదలెట్టింది.

“ఇంకా సెమీఫైనల్ ఉందండీ మామ్మగారూ.”

“ఉంటే ఉంది. దాని సంగతి అప్పుడు చూద్దారి. వేడి మీద తినండి. ఏమయ్యా, ఆ తాషాలోళ్లు పడుకున్నారా ఏం?”

సెమీస్‌లో చైనా జోడీ చేతిలో మూడు గేముల్లో ఓడారు. కంచు పతకం వచ్చింది.

నిమజ్జనమైన మర్నాడు తెల్లారకట్ల నన్ను మళ్లీ గుంజలకు కట్టారు. నీలం అతుకులో ఇంకా ఒక బంతిపూరేకు ఇరుక్కుని ఉంది. మాస్టారు కర్ర మామ్మ మనవరాలికిచ్చి, “నువ్వు చూడమ్మా” అన్నారు. మూడో తరగతికొచ్చింది ఇప్పుడు. గాటు నా పట్టీకి సరిగ్గా ఆనేదాకా తాడు సడలించి, బిగించి, మళ్లీ సడలించింది. ఆనాక పక్కనే నుంచుంది. దాని తలకూ నా పట్టీకీ మధ్య ఇప్పుడు జానెడే.