సజ్జ దిగిన సామాన్లు

సింగరేణిలో రిటైరైతే పని పోయినందుకు కాదు, క్వార్టర్ ఖాళీ చేయాల్సి వచ్చినందుకు మనిషి ఎక్కువ దిగులుపడతాడు. గోలేటి టౌన్‌షిప్పులో ఒక బాయి పనాయనకు ఆ రోజు రానే వచ్చింది. మంచాలు, బీరువా గంటలో లారీ ఎక్కాయి. పని ఆగిపోయింది సజ్జ దగ్గరే.

ముందుగా రేడియో దిగింది. 1986లో ఆదిలాబాద్ ఆకాశవాణి మొదలయ్యాక ఇంట్లో దానికి మర్యాద పెరిగింది. సెల్లులు నీరసిస్తే వడియాల పక్కనే ఎండబెట్టేవారు. ఏవి ముందు ఎండాయో ఆ ఇల్లాలికే తెలియాలి.

దాని వెనక బ్లాక్ అండ్ వైట్ టీవీ. 1987 జనవరి 25న దూరదర్శన్‌లో రామాయణం మొదలైంది, అదీ ఆదివారం ఉదయం. ఆదివారం డ్యూటీకి జీతం రెట్టింపు. రాముడా, డబుల్ జీతమా? ఆయన జీతం వైపే మొగ్గాడు. ఇంట్లో వీసీఆర్ లేదు కాబట్టి 78 భాగాల రామాయణమూ సాయంత్రం భార్య నోటనే విన్నాడు. అందులో కైక అచ్చం వాళ్ల అత్తలాగే మాట్లాడేది. ఆయనకు ఇప్పటికీ వాల్మీకి మీద కొంచెం అనుమానం.

తర్వాత క్యాసెట్ల పెట్టె. మనవడు ఒకటి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"తాతా, దీనికి ఛార్జింగ్ యాడ పెట్టాలె?"

"పెన్సిల్ పెట్టాలె" అన్నాడాయన. పిల్లవాడు నమ్మలేదు.

చివరికి నోకియా 1100. 2003లో వచ్చి ప్రపంచమంతటా 25 కోట్లకు పైగా అమ్ముడైన ఫోన్. కొత్తలో అందరూ దాని టార్చిని మెచ్చుకుంటే ఆయనకు నవ్వొచ్చింది. నెత్తి మీద దీపం, నడుముకు బ్యాటరీ కట్టుకుని ముప్పై ఏళ్లు చీకట్లో నడిచిన మనిషాయె! పైగా ఆ ఫోన్‌ను బాయిలోకి తీసుకుపోనివ్వరు. బీడీ, అగ్గిపెట్టెల సరసనే దాన్నీ పైన వదిలి దిగాలి. దిగితే షిఫ్టంతా ఎవరికీ దొరకడు. ఆ సుఖం గురించి మాత్రం ఇంట్లో ఎప్పుడూ నోరు జారలేదు.

"ఇన్ని దాసినవ్, నెత్తి లైటొక్కటి దాయకపోతివి" అంది భార్య.

"దాయనిస్తరా? షిఫ్టు దిగంగనే ల్యాంపు రూముల అప్పజెప్పాలె."

లారీ హారన్ కొట్టింది. రేడియో ఒళ్లో పెట్టుకుని ఆయన ముందు కూర్చున్నాడు. టీవీని మనవడు పట్టుకున్నాడు. పాత ఇనుపసామాన్లకు వేయమని చెప్పిన పెట్టె కూడా ఎలాగో వెనక ఎక్కింది.

"కొత్తింట్ల సజ్జ పెట్టించినవా, లేదా?"

"మూడు పెట్టించిన."