ఏమీ చూడకుండా నైరూప్య చిత్రకారులు కావడం ఎలా?

నైరూప్య చిత్రకళలో మొదటి సుఖం ఏమిటంటే, ముక్కు వంకరగా వచ్చిందని ఎవరూ అనరు. అసలు ముక్కే ఉండదు కదా! ఆవుకు నాలుగు కాళ్లూ పెట్టారా లేదా అని లెక్కపెట్టేవాళ్లూ ఉండరు. ఇంత వెసులుబాటున్న విద్యను కూడా కొందరు అభ్యాసాలు, కసరత్తులు అంటూ చేదు చేస్తున్నారు. వాళ్ల చేతికి చిక్కకుండా తిన్నగా ఎగ్జిబిషన్‌కి చేరే మార్గం చెబుతాను, వినండి.

ముందుగా పెద్ద కాన్వాసు కొనండి. రంగుల్లో కళ్లు జిగేలుమనిపించేవన్నీ తీసుకోండి. బూడిద రంగు జోలికి మాత్రం పోకండి. తెచ్చారంటే దాన్ని పసుపు పక్కనో నీలం పక్కనో పెట్టి చూడాలని చేతులు దురదపెడతాయి. అలా చూసి చెడిపోయినవాళ్లు చాలామందే ఉన్నారు.

ఈ చెడగొట్టడంలో ఘనుడు జోసెఫ్ ఆల్బర్స్. జర్మనీలో బౌహౌస్ అనే కళాపాఠశాలలో చదివి, అక్కడే పాఠాలు చెప్పి, 1933లో అమెరికా చేరాడు. రంగుల క్లాసులో పిల్లల చేతికి కుంచెకు బదులు కత్తెర, జిగురు, రంగు కాగితాలు ఇచ్చేవాడు. రంగులు కలిపితే ప్రతిసారీ కాస్త తేడా వస్తుంది, కాగితమైతే ఎన్నిసార్లు కత్తిరించినా అదే రంగు అన్నది ఆయన వాదం. మీరు పొరపాటున కూడా చేయకూడని అభ్యాసం ఇదీ: ఒకే బూడిద రంగు కాగితం నుంచి రెండు చిన్న ముక్కలు కత్తిరించి, ఒకటి ముదురు నీలం కాగితం మీద, రెండోది నిమ్మపండు పసుపు మీద పెట్టాలి. నీలం మీది ముక్క తేలిపోయి, కాస్త వెచ్చగా కనిపిస్తుంది. పసుపు మీది ముక్క నల్లబడి, ఊదా ఛాయకు తిరుగుతుంది. రెండూ ఒకే కాగితమని మీ చేత్తో మీరే కత్తిరించారు, అయినా కన్ను ఒప్పుకోదు. అదే కాగితంతో ఒక పొడుగు పట్టీ కోసి రెండు ముక్కల్నీ కలుపుతూ పెడితే గాని నమ్మకం కుదరదు. పట్టీ తీసేయగానే మళ్లీ మొదటికే!

దీన్ని తిరగేసి ఇంకో అభ్యాసం ఉంది. రెండు వేర్వేరు రంగుల్ని, కింద తగిన రంగులు పరిచి, ఒక్కటే అనిపించేలా చేయడం. కింద పరిచిన రంగు, పైనున్న దాంట్లోంచి తనలాంటి ఛాయను లాగేసుకుంటుందని దీని కిటుకు. పచ్చటి నేల మీద పెట్టిన పచ్చబారిన బూడిదలో పచ్చదనం మాయమవుతుంది. సరైన జంట దొరికేదాకా కాగితాలు మారుస్తూ కూర్చోవాలి. అంత తీరిక ఉన్నవాళ్లు బొమ్మలెందుకు వేస్తారండీ?

రంగు అనుకున్నట్టు రాకపోతే ట్యూబు తయారుచేసిన కంపెనీని తిట్టండి. ఇది పాత ఆచారమే. పారిస్ గోబెలిన్ నేత కర్మాగారంలో నల్ల నూలు నల్లగా ఉండటం లేదని అద్దకం వాళ్ల మీద ఫిర్యాదులొచ్చాయి. అక్కడి రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్ పరీక్షించి, అద్దకంలో దోషం లేదు, నలుపు పక్కన నేసిన నీలం, ఊదాలే దాన్ని వెలవెలబోయేలా చేస్తున్నాయని తేల్చాడు. 1839లో దీని మీద లావుపాటి పుస్తకమూ రాశాడు. తిట్టి ఊరుకుంటే సరిపోయేదానికి!

ఇక కాంట్రాస్టు. ఎరుపు పక్కన పచ్చ వేయండి, అయిపోయింది. బౌహౌస్‌లోనే తొలి రోజుల్లో పాఠాలు చెప్పిన యోహానెస్ ఇటెన్ కాంట్రాస్టులు ఏడు రకాలని లెక్కగట్టాడు. వెలుగు–చీకటి, వెచ్చన–చల్లన, గాఢం–వెలిసినది, కొంచెం–ఎక్కువ ఇలా. అంత చిట్టా మనకెందుకు? మీ ఎరుపు, పచ్చల్ని ఫోనులో బ్లాక్ అండ్ వైట్ ఫొటో మాత్రం తీయకండి. రెండూ అచ్చంగా ఒకే బూడిదగా కలిసిపోయి కనిపిస్తే, అక్కడ అరుపే తప్ప వెలుగు తేడా లేదని తెలిసిపోతుంది. తెలిస్తే నిద్రపట్టదు.

అన్నిటికంటే ప్రమాదకరమైన చోటు మ్యాచింగ్ సెంటరు. చీర సంచిలో పెట్టుకుని వచ్చినావిడ, "ఈ అంచుకు సరిపోయే జాకెట్టు ముక్క కావాలి" అంటుంది. అంచు మామిడిచిగురు రంగుకూ ఇటుక రంగుకూ మధ్య ఎక్కడో ఉంటుంది. కొట్టు అబ్బాయి అరలోంచి తాను మీద తాను లాగి పరుస్తాడు. మీకూ నాకూ అవన్నీ ఒక్కటే. ఆవిడ ఒకదాన్ని "కొంచెం ఎరుపు కొడుతోంది" అని పక్కన పెట్టిస్తుంది, ఇంకోదాన్ని "చచ్చుగా ఉంది" అంటుంది. చివరికి రెండు మిగిలితే ట్యూబ్‌లైటు నమ్మక, చీరా ముక్కా పట్టుకుని గుమ్మం బయట ఎండలోకి నడుస్తుంది. అబ్బాయి అడ్డుచెప్పడు, వెంట వెళతాడు. పక్క రంగునూ వెలుగునూ బట్టి రంగు మారుతుందని ఏ కాలేజీలోనూ చదవకుండానే వాళ్లిద్దరికీ తెలుసు. ఒక్క పూట అక్కడ నిలబడ్డారంటే, ఏడు లేత పచ్చల మధ్య తేడా పట్టే రోగం అంటుకుంటుంది. ఇక ఎరుపు పక్కన పచ్చ పులిమి సంతకం పెట్టే ధైర్యం జన్మలో రాదు.

మహామహుల పేర్లు వాడుకోండి, బొమ్మలు మాత్రం చూడకండి. మలేవిచ్ 1918లో తెలుపు మీద తెల్ల చదరం వేశాడన్న వార్త మీకు చాలు. తెల్ల కాన్వాసు అలాగే తగిలించి ఆయన వారసుడినని చెప్పుకోవచ్చు. ఆయన వేసిన ఆ బొమ్మ న్యూయార్క్‌లో ఒక మ్యూజియంలో ఉంది. దగ్గరికెళితే ఒక తెలుపు చల్లగా నీలానికి ఒరిగిందనీ, రెండోది వెచ్చగా ఉందనీ, కుంచె జాడలు కూడా కనిపిస్తున్నాయనీ తెలిసి మీ వాదన చెడుతుంది. యాడ్ రైన్‌హార్ట్ 1960 నుంచి వేసిన ఐదడుగుల నల్ల చదరాలు మరీ అన్యాయం. మొదట వట్టి నలుపే. ఓపిగ్గా నిలబడితే తొమ్మిది గళ్లు, వాటిలో ఎర్రటి నలుపు, నీలపు నలుపు, పచ్చటి నలుపు మెల్లగా విడివడతాయి. ఫొటోకు చిక్కవు. మన దేశంలో గాయ్‌తోండే ఏడాదికి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని కాన్వాసులే వేసేవాడట. మీరు ఆదివారానికి నాలుగు లాగించగలరు, ఎవరు గొప్ప?

పేర్ల దగ్గర పిసినారితనం వద్దు. 'అంతర్మథనం', 'అస్తిత్వ వేదన–4' లాంటివి బాగా నడుస్తాయి. మూడో నంబరు ఎక్కడని ఎవరూ అడగరు. ప్రారంభోత్సవానికి టీ, సమోసాలు ఏర్పాటు చేయండి. వచ్చినవాళ్లలో ఎవరైనా ఒకే బొమ్మ ముందు ఐదు నిమిషాలకు మించి నిలబడితే, మర్యాదగా చెయ్యి చూపించి టీ బల్ల వైపు నడిపించండి. అందులోనూ ఆవిడ చీరకు సరిగ్గా కుదిరిన జాకెట్టు వేసుకుని ఉంటే, సమోసాలు రెండు ఎక్కువ పెట్టండి.