మైపాడు పెట్టె పద్యం: టీకా తాత్పర్యం

మూలం

ఆటలాడవలయు నందునే పనులును
చేయవలయు ధరయు చిన్నదవలె
నుప్పుగాలి కోర్చి యుండవలెను సుమా
యట్టి పెట్టె నొకటి యల్లి యిమ్ము

అవతారిక

ఇది నెల్లూరు తీరంలోని మైపాడు రొయ్యల గుంటల నడుమ ఇల్లున్న ఒక పిలకాయ చెప్పిన చాటువు. పగలు ఇంజనీరింగ్ కాలేజీ, సాయంత్రం తండ్రి తరఫున మేత బిల్లులు, డీజిల్ లెక్కలు, రాత్రి ఆట. వరసకు నాకు మేనల్లుడు. నెల్లూరులో అసెంబుల్ చేయించబోయే కంప్యూటర్‌కి ఏ భాగాలు తీసుకోవాలో వాట్సాప్‌లో అడగబోయి, తిక్కన తిరిగిన సీమలో పుట్టిన పాపానికి, మాటల్లో అడగక పద్యంలో అడిగాడు. ఆట కోసం పెట్టె కోరేవాడు ఆటవెలదిని ఎత్తుకోవడం ఔచిత్యం. కాళిదాసు కావ్యాలు మూడింటికి సంజీవని రాసిన మల్లినాథ సూరి, కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ జోలికి రాలేదు గనక ఆ భారం మన మీద పడింది.

పాఠాంతరాలు

రెండో పాదంలో ‘ధరయు’ అన్నది కవి స్వహస్త పాఠం. ధర కూడా చిన్నదిగా ఉండాలని అర్థం. కవి తండ్రి, అంటే మా బావ దగ్గరున్న ప్రతిలో ‘ధరయె’ అని ఉంది. ధర చిన్నదైతే చాలు, తక్కినవి ఎట్టా పోయినా పర్లేదని అప్పుడు తేలుతుంది. ఛందస్సుకు రెండూ సరిపోతాయి. డబ్బు ఎవరిదని చూస్తే మాత్రం బావ పాఠానికే బలం.

మూడో పాదం సికింద్రాబాద్ కంప్యూటర్ బజారు సీటీసీ ప్రతుల్లో కనపడదు. అక్కడ ఉప్పుగాలి లేదు గనక లేఖకులు అనవసరమని వదిలేసి ఉంటారు. చెన్నై రిచీ స్ట్రీట్ ప్రతిలో ఉండాలి, సముద్రం ఒడ్డునున్న ఊరు మరి. యూట్యూబులో దొరికే వ్యాఖ్యలు దాదాపు అన్నీ సికింద్రాబాద్ శాఖవే. చిక్కంతా అక్కడే వచ్చింది.

అన్వయం

ఆ శాఖవారు పద్యాన్ని మొదటి పాదం నుంచి అన్వయిస్తారు. ఉన్న డబ్బులో పెద్దభాగం గ్రాఫిక్స్ కార్డుకు, ఆ తర్వాత ప్రాసెసర్‌కు, మదర్ బోర్డుకు, ర్యామ్‌కు. చివర మిగిలిన చిల్లరతో క్యాబినెట్, దాంతోపాటు ఊరికే వచ్చే ఎస్ఎంపీఎస్. మైపాడులో ఇది దూరాన్వయ దోషం. ఇక్కడ మూడో పాదమే ప్రధాన వాక్యం, మిగిలిన మూడూ దానికి అంగాలు. కనుక టీకను అక్కణ్ణుంచే మొదలుపెడుతున్నాను.

ఉప్పుగాలికి ఓర్చి

సముద్రపు తుంపర ఎండి, కంటికి ఆనని ఉప్పు రేణువులై గాలితో వస్తుంది. దుమ్ముతో కలిసి బోర్డు మీద కూర్చుంటుంది. పొడిగా ఉన్నంతసేపు దాంతో పేచీ లేదు. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఆ ఉప్పు తానే నీటిని పీల్చుకుని కరుగుతుంది. మైపాడులో రాత్రిపూట తేమ ఆ గీత దాటడానికి తుఫాను రానక్కర్లేదు. అట్లా ఏర్పడిన ఉప్పునీటి పొర కరెంటును మోస్తుంది. బోర్డు మీద పక్కపక్కనున్న రెండు గీతల మధ్య వోల్టేజీ తేడా ఉన్నప్పుడు ఒకవైపు లోహం కరిగి, రెండోవైపు నుంచి సన్నగా పాకుతూ పెరుగుతుంది. రెండూ కలిసిన రోజు బోర్డు చస్తుంది.

కవి ఉప్పుగాలి అని ఊరుకున్నాడు గాని, గుంటల పక్కన ఉండేవాళ్లకు ఇంకో గాలి కూడా ఉంది. పంట పట్టి నీళ్లు వదిలేశాక గుంట అడుగు నల్లమట్టి నుంచి కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుందే, అది హైడ్రోజన్ సల్ఫైడ్. వెండినీ రాగినీ తినడం దానికి మహా ఇష్టం. బోర్డు మీద ఆ రెండూ ఉన్నాయి. ‘ఉప్పుగాలి’ అన్నది దీనికీ ఉపలక్షణం.

‘ఓర్చి’ అనడంలో కవి లోకజ్ఞుడు. గాలిని ఆపమనలేదు, ఓర్చుకోవాలన్నాడు. నడుస్తున్న కంప్యూటర్ లోపల వెచ్చగా ఉంటుంది, వెచ్చని చోట తేమ శాతం తగ్గుతుంది. కాబట్టి రోజూ వాడే పెట్టె కంటే పండక్కి ఊరెళ్లి వారాల తరబడి ఆపేసిన పెట్టెకే గండం. దాన్ని సముద్రం వైపు కిటికీ దగ్గర పెట్టకూడదు. క్యాబినెట్‌లోకి గాలి పీల్చే ఫ్యాన్లు, బయటికి తోసే ఫ్యాన్ల కన్నా ఎక్కువుంటే లోపలికొచ్చే గాలి ఫిల్టర్ దాటే వస్తుంది, సందుల్లోంచి దూరదు. ఆ ఫిల్టర్‌ను కడుగుతుండాలి. ర్యామ్ పళ్లను రబ్బరుతో రుద్దడం మన మెకానిక్కుల ప్రథమ చికిత్స. పని చేస్తుంది గాని అక్కడున్నది పలచని బంగారు పూత, మాటిమాటికీ రుద్దితే పూతే పోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మేలు. ఇంకొకటి, తుప్పు కనపడితే వారంటీ చెల్లదని చాలా వారంటీ కాగితాల్లో సన్న అక్షరాల్లో ఉంటుంది. మైపాడు వాళ్లు ఆ వాక్యాన్ని పెద్ద అక్షరాల్లో చదువుకోవాలి.

‘ఓర్చి’ అన్న క్రియలోని ధ్వని

పద్యంలో ఎస్ఎంపీఎస్ ఊసే లేదు కదా అని శంక. ఓర్చేదెవరని అడిగితే జవాబు దొరుకుతుంది. ఉప్పుకు బోర్డు ఓర్చాలి, కరెంటుకు ఎస్ఎంపీఎస్ ఓర్చాలి. వాచ్యంగా చెప్పని రెండో ఓర్పే ఈ పద్యానికి ప్రాణం.

గుంటల మీద ఏరియేటర్లను తిప్పే మోటారు మొదట కదిలేటప్పుడు మామూలుగా లాగే కరెంటుకు అయిదారు రెట్లు లాగుతుంది. ఒకే లైను మీద అట్లాంటివి వరసగా వేస్తే పక్కింటి బల్బు ఒకసారి కునుకు తీస్తుంది. మంచి ఎస్ఎంపీఎస్ 100 నుంచి 240 వోల్టుల దాకా దేన్నయినా తింటుంది కాబట్టి ఆ కునుకు లెక్కలోది కాదు. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే లోపలి క్షణమే అసలు పరీక్ష. మన 50 హెర్ట్జ్ సరఫరాలో ఒక చక్రం 20 మిల్లీసెకన్లు. పూర్తి భారం మీద ఎస్ఎంపీఎస్ తన కెపాసిటర్లలో దాచుకున్న ఛార్జీతో ఊపిరి బిగబట్టవలసింది సుమారు 16, 17 మిల్లీసెకన్లు. ఇంటి ఇన్వర్టర్‌ను యూపీఎస్ మోడ్‌లో పెడితే ఆ లోపే అందుకుంటుంది. మామూలు మోడ్‌లో వదిలేస్తే అంతకన్నా ఆలస్యం చేసి, మేత లెక్కలను సగంలో మింగేస్తుంది. ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్‌ది కావాలని వేరే చెప్పాలా? స్క్వేర్ వేవ్‌తో కొత్త ఎస్ఎంపీఎస్‌లకు పొసగదు.

ఇక వాట్లు. ఆర్‌టీఎక్స్ 4060 కార్డు 115 వాట్లది. 65 వాట్ల ప్రాసెసర్ ఆట వేడిలో ఇంకొంచెం లాగుతుంది. బోర్డు, డిస్కు, ఫ్యాన్లు కలుపుకున్నా మొత్తం 300 దాటదు. అయితే 350 వాట్లది చాలు కదా అంటాడు బావ. చాలదు. సగం భారం మీద నడిచే ఎస్ఎంపీఎస్‌కు ఊపిరి బిగబట్టే వ్యవధి దాదాపు రెట్టింపు, కరెంటు వృథా తక్కువ, వేడి తక్కువ. 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉన్న 550 వాట్లది ఈ పద్యానికి సరిగ్గా సరిపోతుంది. క్యాబినెట్‌తో ఊరికే వచ్చేదాని మీద కూడా 450 అని రాసి ఉంటుంది. అది అతిశయోక్తి అలంకారం.

ఎర్తింగ్‌లో విరోధాభాసం

ఎంత మంచి ఎస్ఎంపీఎస్ అయినా మూడో పిన్నుకు నేల దొరక్కపోతే క్యాబినెట్ ముట్టుకున్న చేయి జివ్వుమంటుంది. మన పల్లెల్లో మూడో రంధ్రం చాలా ఇళ్లలో కేవలం శోభకు. ఎర్తింగ్ గొయ్యి తవ్వి, జీఐ పైపు దించి, చుట్టూ బొగ్గు ఒక పొర, ఉప్పు ఒక పొర నింపడం పాత పద్ధతి. ఉప్పు తేమను పట్టి ఉంచి నేలను కరెంటుకు దారిగా చేస్తుంది. బోర్డు మీద కూర్చుంటే ప్రాణం తీసే ఆ ఉప్పే, అదే గుణంతో, తేమ పీల్చి కరెంటును మోసే గుణంతో, గోతిలో పడితే బోర్డు ప్రాణం కాస్తుంది. విరోధం, దానికి పరిహారం రెండూ ఒకే గజం నేలలో ఉన్నాయి. కాకపోతే ఆ ఉప్పు పైపును కూడా మెల్లగా తింటుంది, అందుకని కొన్నేళ్లకొకసారి ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపించుకోవాలి. కార్డు కొనడానికి చెన్నైకి పినాకినీ ఎక్స్‌ప్రెస్ ఎక్కే ముందు ఈ గొయ్యి సంగతి తేల్చుకో అబ్బయ్యా అని కవికి నా మనవి.

ఆటలు ఆడవలయు

ఇక్కడ టీక క్లుప్తం, ఎందుకంటే దీనిమీద చెప్పనివాడు లేడు. మానిటర్‌ను బట్టి కార్డు. 1920 గుణించు 1080 తెర మీద ఆడేవాడికి 8 జీబీ కార్డు సరిపోతుంది. 2020 నాటి వాలొరాంట్ ఇంకా తక్కువకే ఆడుతుంది. తెర 60 హెర్ట్జ్‌ది పెట్టుకుని సెకనుకు 200 ఫ్రేములు వస్తున్నాయని మురిసేవాడు, చూడని ఫ్రేములకు డబ్బు కడుతున్నాడు.

అందునే పనులును

‘అందునే’ అన్న ఏవకారం ముఖ్యం. ఆ పెట్టెలోనే, ఇంకోటి కొనకుండా. బ్రౌజరులో ముప్పై ట్యాబులు, తండ్రి లెక్కలు, కాలేజీ ప్రాజెక్టు, వెనకాల ఆట. దీనికి 16 జీబీ హద్దు, 32 హాయి. ర్యామ్ రెండు స్టిక్కులుగా పెట్టి, నాలుగు స్లాట్ల బోర్డయితే ప్రాసెసర్ వైపు నుంచి రెండో దానిలో, నాలుగో దానిలో గుచ్చాలి. పక్కపక్క స్లాట్లలో గుచ్చితే రెండు దారులున్న రోడ్డును ఒక దారిగా వాడినట్టే.

ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ ఉంటే దానిలో డిస్‌ప్లే ఉండదు. రైజెన్ 5 5600దీ అదే సంగతి. ధర తక్కువని ఇవి తీసుకుంటే, కార్డు ఉప్పు పట్టి సర్వీసుకు వెళ్లిన వారాల్లో తెర నల్లగా ఉంటుంది, మేత బిల్లులు ఆగిపోతాయి. మూడో పాదం తెలిసినవాడు ఎఫ్ లేని ఐ5 12400 తీసుకుంటాడు. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, సొంత డిస్‌ప్లే. ఆట ఆగినా లెక్క ఆగదు. బావకు ఈ ఒక్క వాక్యం చూపిస్తే సంతకం పెడతాడు.

ధరయు చిన్నదవలె

ఏఎం5 సాకెట్ 2022లో వచ్చింది, 2027 దాకా, ఆ పైన కూడా దానికి కొత్త ప్రాసెసర్లు ఇస్తామని ఏఎండీ మాట ఇచ్చింది. రేపు ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చు గనక ఇప్పుడు బోర్డు మీద ఎక్కువ పెట్టమని సికింద్రాబాద్ శాఖ సిద్ధాంతం. మాట ఇచ్చింది ఏఎండీ, ఉప్పు కాదు. తీరంలో ముందు పోయేది బోర్డే. పోయేదాని మీద కాక, పోకుండా కాచేదాని మీద పెట్టాలి. చవక బోర్డు, ఖరీదైన ఎస్ఎంపీఎస్ అని నా పక్షం.

ఇంకొక మాట. రొయ్యల్లో కౌంట్, అంటే కిలోకు తూగే సంఖ్య, తగ్గేకొద్దీ ధర పెరిగినట్టే చిప్పుల్లో నానోమీటరు తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది: రైజెన్ 5000 వరస 7, 7000 వరస 5. ఇది బావకు చెప్పగానే అర్థమైంది, నాకు ఒక పేజీ వ్యాఖ్య మిగిలింది. బిల్లు లేకుండా తీసుకుంటే 18 శాతం జీఎస్టీ మిగులుతుందన్న ఊరింపు మాత్రం వినొద్దు, దాంతోపాటు వారంటీ కూడా మిగలదు.

అట్టి పెట్టెనొకటి అల్లి యిమ్ము

పెట్టెను అల్లడమేమిటి, బుట్టనైతే అల్లుతారు గాని, అని వ్యాకర్తలు ఆక్షేపిస్తారు. వాళ్లు క్యాబినెట్ వెనక మూత తీసి చూడలేదు. ఇరవై నాలుగు పిన్నుల తీగ, ఎనిమిది పిన్నుల తీగ, ఫ్యాన్ల తీగలు, ముందు బటన్ల చిన్న తీగలు. ఇవి గాలికి అడ్డం రాకుండా మదర్ బోర్డు వెనక నుంచి తిప్పి కట్టడం అల్లికే. యతి కోసం అకారాన్ని వెతుక్కుంటూ కవి సత్యాన్నే పట్టుకున్నాడు.

అలంకారం

ఆర్‌జీబీ. ఈ రంగు దీపాలు శబ్దానికీ అర్థానికీ చెందని మూడో తరగతి. ముందువైపు అద్దంతో మూసిన క్యాబినెట్ అందంగా ఉంటుంది, రోహిణి కార్తెలో ఉడికిపోతుంది. జల్లెడ ముఖమున్నదే తీసుకోవాలి.

పూర్వపక్షం

“ఏంది సామీ ఇంత గోల, ఒక ల్యాప్‌టాప్ కొంటే పోలా?” అని బావ. ల్యాప్‌టాప్‌లో అన్నీ ఒకే బోర్డు మీద ఉంటాయి, ఉప్పు ఒకచోట పట్టినా మొత్తం పోతుంది. పెట్టెలో పోయిన భాగం ఒక్కటే మారుతుంది. గుంటలో ఒక ఏరియేటర్ చెడితే గుంటను అమ్ముకోవు గదా బావా అన్నాను. నేను ఓడిపోలేదని చెప్పడానికి ఆయన టీ తెప్పించాడు.

కవి కాల నిర్ణయం

ఇది పండితుల్లో వివాదాస్పదం. ధర చిన్నదవాలన్న కోరిక నెరవేరే కాలం ఒకటుండాలి. 2021లో క్రిప్టో తవ్వేవాళ్లు గ్రాఫిక్స్ కార్డులన్నీ ఎగరేసుకుపోయారు గనక కవి అప్పటివాడు కాడు. 2022 సెప్టెంబరులో ఎథీరియం ఆ తవ్వే పద్ధతి మానుకునేసరికి కార్డులు నేలకు దిగాయి. ఇటు చూస్తే 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీకి డీడీఆర్4, డీడీఆర్5 రెండూ ఆకాశానికెక్కాయి. మైక్రాన్ అయితే ఆ డిసెంబరులో, క్రూషియల్ పేరుతో మనబోటివాళ్లకు అమ్మడమే మానుకుంటున్నానంది. కాబట్టి కవి 2022 సెప్టెంబరుకూ 2025 చివరికీ మధ్య జీవించినవాడని నా నిర్ణయం.

కవి మాత్రం ఈ పద్యం పోయిన వారమే రాశానని, తాను బతికే ఉన్నానని ఫోనులో వాదిస్తున్నాడు. కాలనిర్ణయంలో కవి మాటకు ప్రామాణ్యం లేదు. “సరే మామా, నేను 2023 వాణ్ణే అనుకో. ఇప్పుడు ర్యామ్ ఒక స్టిక్కే కొని, రెండోది ధర దిగాక గుచ్చితే?” అన్నాడు. ఆట కాస్త మందగిస్తుంది, లెక్కలు మందగించవు. దానివల్ల మిగిలే డబ్బు ఎస్ఎంపీఎస్‌కు మళ్లేట్టయితే నాకు అభ్యంతరం లేదని, ఆ రెండో స్లాట్ మీద దుమ్ము పడకుండా టేపు అంటించమని చెప్పాను.